ట్రిటియం ఉత్పాదన

కేంద్రక సంలీన విద్యుత్కేంద్రాలకు అనుకున్న రెండు ఇంధనాల్లో డ్యుటీరియం సముద్రజలంలో పుష్కలంగా ఉంది. రెండోదైన ట్రిటియం ప్రకృతిలో దాదాపు లేదనే చెప్పాలి. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు; దాచిపెట్టినా ఏటా సుమారు 5.5 శాతం హీలియం-3గా మారిపోతుంది. 1,000 మెగావాట్ల సంలీన శక్తిని ఏడాది పొడవునా ఇచ్చే రియాక్టరుకు సుమారు 56 కిలోల ట్రిటియం కావాలి. పౌర అవసరాలకు దొరికే ప్రపంచ నిల్వలన్నీ కలిపినా అంత లేదు. సముద్రమే తరగని ఇంధనమని చెప్పేటప్పుడు ఈ సంగతి తరచూ మరుగున పడుతుంది.

1934లో కేంబ్రిడ్జిలో ఒలిఫాంట్, హార్టెక్, రూథర్‌ఫర్డ్ డ్యుటీరియాన్ని డ్యుటీరియంతోనే తాడించి ట్రిటియాన్ని కనుగొన్నారు. అది రేడియోధార్మికమని 1939లో ఆల్వరెజ్, కార్నాగ్ తేల్చారు. దాన్ని తయారుచేసే దారి లిథియంలో ఉంది. లిథియం-6 న్యూట్రాన్‌ను గ్రహిస్తే ట్రిటియం, హీలియం వస్తాయి. అయితే సహజ లిథియంలో ఇది 7.5 శాతమే. మిగిలిన లిథియం-7 పెద్దగా పనికిరాదనుకున్నారు. 1954 మార్చి 1న బికినీ దీవిలో అమెరికా పేల్చిన, లిథియం ఇంధనంగా ఉన్న బ్రావో హైడ్రోజన్ బాంబు ఆ నమ్మకాన్ని బద్దలుకొట్టింది. పేలుడు శక్తి 6 మెగాటన్నులని లెక్కవేస్తే 15 మెగాటన్నులైంది. వేగవంతమైన న్యూట్రాన్లు లిథియం-7ను చీల్చి ట్రిటియాన్నీ, మరో న్యూట్రాన్‌నూ పుట్టించాయి. రాంగెలాప్ దీవివాసుల మీదా, జపాన్ జాలర్ల మీదా రేడియోధార్మిక బూడిద కురిసింది. ఈ చరిత్రలో ఆ బాధితులను మరిచిపోకూడదు.

రియాక్టరులో అసలు చిక్కు న్యూట్రాన్ల లెక్కలో ఉంది. ఒక ట్రిటియం పరమాణువు ఖర్చయితే పుట్టేది 1.41 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల ఒక్క న్యూట్రానే. ఇంధనం మండే అతివేడి ప్లాస్మా చుట్టూ ఉండే లిథియం పొర, అంటే బ్లాంకెట్‌లో అదే కొత్త ట్రిటియాన్ని పుట్టించాలి. కొన్ని న్యూట్రాన్లను ఉక్కు మింగేస్తుంది, కొన్ని సందుల్లోంచి జారిపోతాయి. అందుకే న్యూట్రాన్లను పెంచే సీసాన్నో బెరీలియాన్నో చేరుస్తారు. ఖర్చయిన ప్రతి పరమాణువుకూ 1.05 నుంచి 1.15 వరకు పుట్టేలా డిజైన్లు గీస్తారు. పాలకు తోడు మిగిల్చినట్టు, తర్వాతి కేంద్రాన్ని మొదలుపెట్టడానికి కొంత మిగలాలి కూడా. బ్లాంకెట్ ఒక్కటే చాలదని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మొహమ్మద్ అబ్దూ, ఆయన సహచరులు 1986 నుంచీ చెబుతున్నారు. ప్లాస్మాలోకి పంపిన ఇంధనంలో ఎక్కువ భాగం మండకుండానే బయటికొస్తుంది. దాన్ని ఎంత త్వరగా శుద్ధిచేసి తిరిగి పంపగలమన్న దాన్నిబట్టే అవసరమైన నిల్వ తేలుతుంది.

ఇప్పుడు దొరికే ట్రిటియంలో ప్రధాన భాగం కెనడాలోని భారజల రియాక్టర్ల ఉపఉత్పత్తి. తెలంగాణలోని మణుగూరులో తయారయ్యే భారజలాన్ని వాడే మన రియాక్టర్లలోనూ ట్రిటియం ఇలాగే పుడుతుంది. 2023లో 69 మెగాజౌళ్ల సంలీన శక్తితో రికార్డు నెలకొల్పిన బ్రిటన్‌లోని జెట్ సహా ఏ సంలీన యంత్రమూ ఇంతవరకు తన ఇంధనాన్ని తానే తయారుచేసుకోలేదు. ఫ్రాన్స్‌లో కడుతున్న అంతర్జాతీయ సంలీన రియాక్టరు ఇటర్‌లో పరీక్షించడానికి దేశాలు చిన్న బ్లాంకెట్ నమూనాలను రూపొందించాయి. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ కూడా ద్రవ సీసం-లిథియం, లిథియం టైటనేట్ గుళికలు కలిపిన నమూనాను అభివృద్ధి చేసింది. ఇటర్ మాత్రం తనకు కావలసిన ట్రిటియాన్ని బయటినుంచే తెచ్చుకుంటుంది. 2024లో సవరించిన ప్రణాళిక ప్రకారం అందులో డ్యుటీరియం-ట్రిటియం దశ 2039లో మొదలవుతుంది.