అర సెకను

ఆండ్రెస్ ఫ్రాయిండ్ భుజం వెనక నిలబడండి. ఊరు శాన్‌ఫ్రాన్సిస్కో. 2024 మార్చి నెలాఖరు. ఆయన మైక్రోసాఫ్ట్ ఉద్యోగి, పని మాత్రం అందరిదీ అయిన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద. ఇప్పుడు దాని వేగం కొలుస్తున్నాడు. అంత సూక్ష్మమైన కొలతకు మెషీన్ నిశ్శబ్దంగా ఉండాలి, పక్కన ఇంకే ప్రోగ్రామూ మెసలకూడదు. ఏది సద్దు చేస్తోందో వెతుకుతున్నాడు.

తెరమీద ఒక పేరు మళ్లీ మళ్లీ పైకి వస్తోంది: ఎస్‌ఎస్‌హెచ్. దూరాన ఉన్న మెషీన్‌లోకి వెళ్లే తలుపు అది. ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి మెషీన్ తలుపునూ ఎవరెవరో రోజంతా తడుతూనే ఉంటారు. తప్పుడు పేర్లు కొడతారు. తలుపు వాళ్లను అక్కడికక్కడే తిప్పి పంపేస్తుంది. పెద్ద శ్రమ పడాల్సిన పని కాదు. అలాంటిది ఇవాళ తిప్పి పంపడానికే సీపీయూ ఆయాసపడుతోంది.

ఆయన లేని పేరుతో లాగిన్ కొట్టి సమయం చూశాడు. మునుపు 0.299 సెకన్లు పట్టేది. ఇప్పుడు 0.807.

అర సెకను తేడా. మనమైతే నెట్ నెమ్మదించిందనుకుని కాఫీకి లేచేవాళ్లం. ఆయన కుర్చీలోంచి కదల్లేదు.

పెర్ఫ్ అనే పనిముట్టు తీశాడు. ఏ ఫంక్షన్‌లో ఎంత సమయం గడిచిందో అది పేరుపేరునా చెబుతుంది. చాలా సమయం లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ అనే లైబ్రరీలో పోతోందంది. ఏ ఫంక్షన్‌లో అంటే మాత్రం పేరు చెప్పలేకపోయింది. ఈ పని చేసేవాళ్లకు ఒళ్లు జలదరించే చోటు ఇది. మన వంటింట్లో పొయ్యి వెలిగించుకుని ఎవరో కూర్చున్నారు, ఇంట్లో ఎవరిని అడిగినా ఆ మనిషెవరో తెలియదంటున్నారు.

అప్పుడాయనకు ఇంకొకటి గుర్తొచ్చింది. కొన్ని వారాల కిందట, ప్యాకేజీలు కొత్తవి దిగాక, పోస్ట్‌గ్రెస్ పరీక్షల్లో వాల్‌గ్రిండ్ ఏదో వింతగా ఫిర్యాదు చేసింది. మెమొరీ తప్పుల్ని పట్టే పనిముట్టు అది. అప్పుడు పక్కన పెట్టేసిన ఆ ఫిర్యాదు ఇప్పుడీ అర సెకనుతో కలిసింది.

అసలు లాగిన్‌కూ లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏకూ ఏం సంబంధం? అది ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లోని లైబ్రరీ. ఎస్‌ఎస్‌హెచ్ రాసినవాళ్లు దాన్ని వాడనే లేదు. కానీ డెబియన్ లాంటి లైనక్స్ పంపిణీలు ఎస్‌ఎస్‌హెచ్‌ని సేవలను నడిపే సిస్టమ్‌డీతో కలిపాయి. సిస్టమ్‌డీ లైబ్రరీకి లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ కావాలి. వియ్యంకుడి వెంట వచ్చిన చుట్టం అది. అయినా తాళంచెవుల గుత్తి ఉన్న గదిలోకే వచ్చింది.

ఇక ఎక్స్‌జెడ్ సోర్సు విప్పుదాం. విడుదల చేసిన కట్టలో బిల్డ్ సమయంలో నడిచే ఒక చిన్న స్క్రిప్ట్ ముక్క ఉంది. గిట్‌లో అందరికీ కనబడే కోడ్‌లో అది లేదు. పరీక్షల కోసమని పెట్టిన రెండు ఫైళ్లలోంచి అది దాచిన కోడ్‌ను దశలవారీగా బయటికి లాగుతుంది. కుదింపు లైబ్రరీకి పరీక్షా నమూనాలు, పాడైనవి కూడా, అవసరమే కదా, ఎవరూ అనుమానించరు. ఆ కోడ్ తయారయ్యే లైబ్రరీలో చేరుతుంది, అక్కడినుంచి ఎస్‌ఎస్‌హెచ్ తాళం సరిచూసే చోట కూర్చుంటుంది. ఒకే ఒక రహస్య తాళంచెవి ఉన్నవాడు బయటినుంచి ఏ ఆజ్ఞ ఇచ్చినా మెషీన్ తలవంచుతుంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 వెర్షన్‌లో ఇది దూరింది. మార్చిలో వచ్చిన 5.6.1, వాల్‌గ్రిండ్ నోరు మూయించడానికి కూడా ప్రయత్నించింది.

ఆయన డెబియన్‌లోనే ఏదో జరిగిందనుకుని ముందు వాళ్ల భద్రతా బృందానికి రాశాడు. తవ్వేకొద్దీ జాడలు పైకి, మూలానికే పోయాయి. మామూలుగా ఎక్కడ తప్పు దొరికినా దాన్ని చూసుకునే మనిషికి చెబుతాం. ఇక్కడ చెప్పడానికి వీల్లేదు. ఆ విడుదలల మీద సంతకం అదే చేతిది. పేరు జియా టాన్.

ఆ చెయ్యి అక్కడిదాకా ఎలా వచ్చింది? నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. అందుకే మిమ్మల్ని రెండేళ్లు వెనక్కి, 2022కి తీసుకెళ్తున్నాను. ఇప్పుడు మీరు లాసె కాలిన్ కుర్చీలో కూర్చోండి. పదేళ్లకు పైగా ఎక్స్‌జెడ్ బాగోగులు చూస్తున్నది మీరే. జీతం లేదు. డెబియన్ ప్యాకేజీలు విప్పుకోవడానికి మీ కోడ్ కావాలి, మీరెవరో మాత్రం వాడేవాళ్లకు తెలియదు. మనసు కుదుటగా లేదు. అయినా పని వదిలిపెట్టలేదు.

ముఖం తెలియని పేర్ల నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ప్యాచ్‌లు, అంటే కోడ్ సవరణలు, ఎందుకు ఆలస్యం? ఓపిక లేకపోతే వేరేవాళ్లకు అప్పగించరాదా? మీరు ఉన్నదున్నట్టు జవాబిచ్చారు: ఆసక్తి చావలేదు, శక్తి చాలడం లేదు, ఇది జీతం లేకుండా చేసే పని. పక్కనే జియా టాన్ ఉన్నాడు. 2021 నుంచి ప్యాచ్‌లు పంపుతున్నాడు, మర్యాదగా మాట్లాడతాడు, పని తెలిసినవాడు. బరువు మోయలేక వంగిన నడుముకు ఒక చెయ్యి ఆసరా వచ్చింది. మీరైనా నేనైనా పట్టుకునేవాళ్లమే. అలా విడుదలల పని ఆ చేతికి వెళ్లింది.

దీన్ని లాసె తప్పుగా చూసేవాళ్లతో నేను ఏకీభవించను. ఒంటరి మనిషి అలసటనే తలుపుగా వాడుకున్నారు. ఆ అలసట ప్రపంచం కళ్లముందే ఉంది. ఆయన కోడ్ మీద ఆధారపడి వ్యాపారం చేసే ఎవరూ ఒక చెయ్యి వేయలేదు.

2024 మార్చి 29, శుక్రవారం. ఆండ్రెస్ తాను కనుగొన్నదంతా బహిరంగంగా రాశాడు. తాను భద్రతా పరిశోధకుణ్ణి కానని అందులోనే చెప్పాడు. డెబియన్, ఫెడోరా, ఓపెన్‌సూసే వాళ్లు సెలవుల వారాంతంలో పరిగెత్తారు, పాత వెర్షన్లకు వెనక్కి మళ్లించారు. విషం అప్పటికి ప్రధానంగా పరీక్షల దశలో ఉన్న, లేదా ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లు దించే పంపిణీలకు చేరింది. డెబియన్ స్థిరమైన విడుదలలోకి ఇంకా దిగలేదు. తీవ్రతకు పదికి పది వేశారు. జియా టాన్ అసలెవరో నేటికీ బయటపడలేదు.

ప్రాజెక్టు మళ్లీ లాసె చేతికే వచ్చింది. ఆయన ప్రతి మార్పునూ తిరగేసి, దాచిన ఫైళ్లు తీసేసి, మే 29న 5.6.2 విడుదల చేశాడు.

హైదరాబాద్‌లో, విశాఖలో, బెంగళూరులో లైనక్స్ సర్వర్లు చూసుకునే తెలుగు ఇంజనీర్లారా, రేపు ఆఫీసుకు వెళ్లగానే మీ సర్వర్ ఏయే లైబ్రరీల మీద నిలబడిందో ఒక జాబితా తీయండి. ఒక్కోదాని ఎదుట, దాన్ని ఎంతమంది చూసుకుంటున్నారో రాయండి. ఒక్కరే ఉన్నచోట మీ మేనేజరును అడిగి వారానికి ఒక పూట తీసుకోండి. ఆ పూట ఆ ఒక్కరికి వచ్చిన ప్యాచ్‌లు చదివి, పరీక్షించి, ఫలితం రాసి పంపండి.