ఒకరు కట్టిన లెక్క, ఒకరు వ్రాసిన దాఖలా

మన గ్రంథాలయమునందలి భౌతికశాస్త్ర గ్రంథములలో ‘చార్లెసు నియమము’ అను పేరు కానవచ్చును. పీడనము మారనిచో వాయువుయొక్క ఘనపరిమాణము వేడిమితోపాటు ఒక లెక్క ప్రకారము పెరుగునని దాని భావము. ఆ పేరుగల మహాశయుడు ఆ నియమము నెన్నడును ప్రకటింపలేదు!

1783 జూన్ 4వ తేదీని ఫ్రాన్సు దేశమున మోంగొల్ఫియే సోదరులు గడ్డియు ఉన్నియు కాల్చి, ఆ వేడితో బుడగ నెగురవేసిరి. దానిని లేపినది పొగయందలి యేదో విశేష వాయువని వారు భ్రమించిరి. ఆ డిసెంబరు 1వ తేదీని జాక్ చార్లెసు అను పండితుడు ఉదజని నింపిన బుడగలో పారిసు నగరమునుండి సహచరునితో ఆకసమున కెగసెను. పిదప సహచరుని దింపి ఒంటరిగా మరల పైకేగగా, చెవియందు దుర్భరమైన నొప్పి పుట్టెను. ఆపై నాతడు బుడగ నెక్కలేదు గాని, వాయువులను గూర్చిన విచారమును మానలేదు. 1787 ప్రాంతమున ప్రాణవాయువు, నత్రజని, ఉదజని, బొగ్గుపులుసు వాయువు, సామాన్యమైన గాలి ఒకే వేడిమికి సమముగా వ్యాకోచించునని కనుగొనెను. కనుగొని యూరకుండెను. గ్రామపు లెక్కలు వ్రాసి బ్రదుకువాడను గనుక ఈ సంగతి నన్ను మిక్కిలి నొప్పించినది. అడంగలు కెక్కని పంట పండియు పండనట్లే గదా!

1802లో గే-లూసాక్ అను ఇరువదిమూడేండ్ల యువకుడు ఆ లెక్కను తిరిగి కట్టెను. పూర్వుల యంకెలు ఒకదానితో నొకటి పొసగకపోవుటకు కారణమును గూడ పట్టుకొనెను. పాత్రలో తడి మిగిలియున్నచో, ఆ నీటిబొట్టు ఆవిరియై తానే చాల చోటాక్రమించును. ఆ పెరుగుదలయంతయు వాయువు ఖాతాలో పడును. అందుచే నాతడు పాత్రలను, వాయువులను శ్రద్ధగా ఆరబెట్టెను. మంచు కరుగు వేడిమియొద్ద 100 పాళ్లున్న వాయువు నీరు మరుగు వేడిమికి 137.5 పాళ్లగునని తేల్చెను. నేటి లెక్కకు రమారమి 136.6, ఆ కాలపు పరికరములతో అంత దగ్గరకు వచ్చుట సామాన్యము కాదు. ఇంగ్లండున డాల్టను 1801లోనే యిట్టి నిర్ణయమునకు వచ్చియుండెను.

అయితే గే-లూసాక్ చేసిన ఘనకార్యము మరియొకటి. పదునైదేండ్ల క్రిందటనే చార్లెసు దీనిని గమనించెననియు, ఆ సంగతి తనకు యాదృచ్ఛికముగా తెలిసినదనియు తన వ్యాసముననే వ్రాసెను. దాచినచో అడుగువారు అరుదు. నీట కరగు వాయువులు వేర్వేరుగా వ్యాకోచించునని చార్లెసు తలచిన మాటను, అది తన ప్రయోగములకు సరిపడకుండుటను గూడ అక్కడనే దాఖలు చేసెను. జమ వ్రాసి ఖర్చు విడువలేదన్నమాట!

చిత్రమేమనగా, ఫ్రాన్సు దేశపు పాఠ్యగ్రంథములలో ఈ నియమము గే-లూసాక్ పేరనే యున్నది. చార్లెసు పేరును అచ్చట, ఘనపరిమాణము మారనపుడు పీడన మెట్లు పెరుగునో తెలుపు వేరొక నియమమునకు పెట్టిరి.