పాల జిల్లాలో పాలు పడనివాళ్ళం

పోయినసారి సమావేశంలో బాదం పాలు పంచినప్పుడు మన పెద్దవాళ్ళు కొందరు గ్లాసులు తీసుకుపోయి చెట్టుకింద పారబోశారు. ఆ గుంపులో మేమూ ఉన్నాం. అందుకే ఈ రాత. తమిళంలో చదువుకున్నవాళ్ళం, తప్పులుంటే దిద్దుకుని చదవండి.

పట్టు, పాలు, బంగారం అని పేరుపడ్డ జిల్లా మనది. గనులు 2001లో మూతబడ్డాయి, పాలు నిలిచాయి. తెల్లారకముందే క్యాన్లతో డైరీ ముందు నిలబడే వేమగల్‌లో, మాకు పాలు పడవు అని ఎట్లా చెప్పేది? మా అమ్మ చివరిదాకా చెప్పలేదు. ఎముకలకు మంచిదని రోజూ రాత్రి మేమే గ్లాసెడు తాగించేవాళ్ళం. కడుపు ఉబ్బరం అంటే అరుగుదల టానిక్ పోసేవాళ్ళం.

ఆ టానిక్‌కు పెద్ద చరిత్రే ఉంది. జపాన్‌కు చెందిన జోకిచి తకామినే అమెరికాలో ఉంటూ, ఒక బూజు నుంచి డయాస్టేజ్ తీసే పద్ధతికి 1894లో పేటెంట్ తీసుకున్నాడు. బౌరింగ్‌పేట నుంచి గనులకు రైలు వచ్చిందీ ఆ ఏడాదే, రైల్వేవాళ్ళం గనుక మాకు గుర్తు. నేటికీ చాలా టానిక్ సీసాల మీద ఫంగల్ డయాస్టేజ్, పెప్సిన్ అనే ఉంటుంది. డయాస్టేజ్ అన్నాన్ని, ముద్దను అరిగిస్తుంది. పెప్సిన్ మాంసం, పప్పు సంగతి చూస్తుంది. పాలలోని చక్కెరను రెండూ ముట్టవు. దానికి కావలసింది లాక్టేజ్.

పసిబిడ్డల పేగుల్లో అది నిండుగా ఉంటుంది, పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గుతుంది. హైదరాబాద్ సీసీఎంబీ వాళ్ళు కూడా పాల్గొని 2012లో అచ్చైన పరిశోధనలో, పెద్దయ్యాక కూడా పాలు అరిగించే జన్యువు మన దేశంలో వాయవ్యాన ఎక్కువ, దక్షిణాన తక్కువ అని తేలింది. అంటే అమ్మది జబ్బు కాదు.

ఇప్పుడు లాక్టేజ్ మాత్రలు దొరుకుతున్నాయి. చీటీ మీద ఆ పేరు చూసి కొనండి. మొదటి గుక్కతోనే వేసుకోవాలి, కడుపు ఉబ్బాక వేసుకుంటే ఫలం లేదు. ఆ పూటకే పనిచేస్తుంది, మళ్ళీ పాలు తాగితే మళ్ళీ వేసుకోవాలి. బరువు తగ్గినా, విరేచనంలో రక్తం పడినా పాల మీద నెట్టేయకుండా డాక్టరు దగ్గరికి పోండి.

పెరుగులో సగం పని తోడే చేసిపెడుతుంది. పాల చక్కెరలో కొంత ముందే తినేస్తుంది, మిగిలినదాన్ని మన పేగులో అరిగించడానికీ సాయపడుతుంది. మజ్జిగ కలిపిన రాగి అంబలి రెండు చెంబులు తాగినా అమ్మకు ఏమీ అయ్యేది కాదు. మేము రోజూ చూస్తూనే ఉన్నాం, ఎందుకని ఒక్కనాడూ అడగలేదు.

వచ్చే సమావేశానికి బాదం పాల పక్కన ఒక బిందె మజ్జిగ పెట్టిద్దాం. పెరుగు, కరివేపాకు ఖర్చు మాది.