ఘాజీకి వేసిన ఎర: 1971లో విశాఖ తీరాన సమాచార యుద్ధం

1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖపట్నం రేవు ముంగిట మునిగిపోయింది. ముంచిందెవరన్న వాదం నేటికీ తెగలేదు. అది భారత నౌక విక్రాంత్‌ను ఎందుకు అందుకోలేకపోయిందన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

నేపథ్యం

అమెరికా నౌకాదళంలో డయాబ్లోగా పనిచేసిన ఘాజీకి తప్ప, లంకను చుట్టి బంగాళాఖాతంలో మాటువేసే సత్తా పాకిస్తాన్ జలాంతర్గాముల్లో మరి దేనికీ లేదు. నవంబరు 14న కరాచీ విడిచిన ఘాజీ గురి విమానవాహక నౌక విక్రాంత్. బాయిలర్‌లో పగులు వల్ల విక్రాంత్ పూర్తి వేగం అందుకోలేని స్థితిలో ఉంది. పరుగెత్తలేని నౌకను దాచడమే దారి. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ దాన్ని అండమాన్ దీవుల మాటుకు పంపారు.

చిల్లర సందేశాలు

కృష్ణన్ తర్వాత రాసిన కథనం ప్రకారం, ఘాజీ రాకను బయటపెట్టింది ఒక కందెన నూనె. జలాంతర్గాములూ మైన్లు ఏరే నౌకలూ మాత్రమే వాడే రకం నూనె గురించి చిట్టగాంగ్‌కు వెళ్లిన సందేశం భారత వైర్‌లెస్ సిబ్బంది చెవిన పడింది. కృష్ణన్ కూడా అదే దారిలో ఎర వేశారు. విమానవాహక నౌకకు సరిపడా రేషన్లకు మద్రాసులో ఆర్డర్లు పెట్టించారు. పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌ను సముద్రంలోకి పంపి, విక్రాంతే అన్నట్టుగా వైర్‌లెస్ హడావుడి చేయించారు. తల్లి ఆరోగ్యం ఎలా ఉందని ఒక నావికుడు అడుగుతున్నట్టు సంకేతభాష లేని తంతి కూడా అందులో ఉంది.

సాక్ష్యాల బలాబలాలు

ఈ కథనానికి ముఖ్య సాక్షి ఎర వేసిన వ్యక్తే. విశాఖ వద్ద మైన్లు అమర్చడం ఘాజీకి ముందే అప్పగించిన రెండో పని అని పాకిస్తాన్ పక్షం చెబుతుంది. కాబట్టి ఎర ఒక్కటే దాన్ని అక్కడికి రప్పించిందని రూఢిగా అనలేం. మునకకు కారణం రాజ్‌పుత్ వదిలిన రెండు డెప్త్ చార్జీలని భారత వాదన. ఘాజీ సొంత మైనే పేలిందని పాకిస్తాన్ వాదన. బ్యాటరీల నుంచి వెలువడిన హైడ్రోజన్ అంటుకుందని మరో ఊహ. 2017 నాటి తెలుగు చిత్రం ‘ఘాజీ’ చూపిన జలాంతర్గాముల ద్వంద్వయుద్ధానికి మాత్రం చరిత్రలో ఆధారం లేదు.

ఏ వాదన తీసుకున్నా ఒకటి మారదు: విక్రాంత్ ఉన్నచోట ఘాజీ లేదు. డిసెంబరు 4న విక్రాంత్ సీహాక్ విమానాలు కాక్స్ బజార్‌పై దాడికి లేచాయి. పేలుడు జరగకపోయినా ఆనాటికి ఘాజీ వేట తప్పినట్టే.

పరిమితి

శత్రువు జాడ తెలిసినంత మాత్రాన గెలుపు రాదు. పశ్చిమ తీరంలో హంగోర్ అనే పాకిస్తాన్ జలాంతర్గామి వైర్‌లెస్ ప్రసారాలను పట్టుకుని, దాని వేటకు భారత ఫ్రిగేట్లు వెళ్లాయి. డిసెంబరు 9న దీవ్ సమీపంలో హంగోరే ముందుగా వాటిని పసిగట్టి టార్పెడోతో వాటిలో ఒకటైన ఖుక్రీని ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా సహా 194 మంది ప్రాణాలు కోల్పోయారు.

ముగింపు

విశాఖలో దాపరికం నెగ్గింది. దీవ్‌లో ముందుగా పసిగట్టినవాడు నెగ్గాడు. రెండుచోట్లా టార్పెడోలకూ డెప్త్ చార్జీలకూ ముందే ఎవరి ఉనికి ఎవరికి తెలిసిందన్నది ఫలితాన్ని చాలావరకు తేల్చింది. అందుకే ఈ యుద్ధ చరిత్రలో ఆయుధాల జాబితాతో పాటు రేషన్ ఆర్డర్లనూ తంతులనూ సాక్ష్యాలుగా చదవాలి.