మడ్‌స్కిప్పర్ల పెంపకం

మడ్‌స్కిప్పర్ గోబీలకు దగ్గరి బంధువైన చేప. సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు బయటపడే బురద నేలపై ఇది ఛాతీ రెక్కలను కాళ్లలా వాడుకుని పాకుతుంది, తోకతో తన్ని గెంతుతుంది, తిండిని ఎక్కువగా అక్కడే వెతుక్కుంటుంది. తెలుగు నేలపై దీన్ని చూడదగిన చోటు గోదావరి ముఖద్వారంలోని కోరింగ మడ అడవులు; 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ ప్రాంతం నుంచి అనుమతి లేకుండా ఏ ప్రాణిని పట్టి తెచ్చినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే.

తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను కూడా గాలి పీలుస్తుంది గానీ, అందుకు దాని మొప్పల పైన ప్రత్యేకమైన గాలి గది ఉంటుంది. మడ్‌స్కిప్పర్‌కు అటువంటి గది లేదు. తడి చర్మం ద్వారా, నోటి లోపలి పొర ద్వారా అది ప్రాణవాయువును తీసుకుంటుంది కనుక ఒళ్లు ఆరిపోతే ఊపిరి ఆడదు. తల పైకి పొడుచుకు వచ్చిన కళ్లను అది ఉండుండి కింది చర్మపు గుంటల్లోకి లాక్కుని, అక్కడ నిలిచిన నీటితో తడుపుకుని మళ్లీ పైకి తెస్తుంది. కాబట్టి దీన్ని పెంచేవారు నీటితో పాటు నీటి పైనున్న గాలినీ సంరక్షించవలసి ఉంటుంది.

సముద్రానికి 200 కిలోమీటర్లకు పైబడిన దూరంలో, వేసవిలో వడగాలులు వీచే స్టేషన్ ఘన్‌పూర్ వంటి ఊళ్లో ఆ తీరాన్ని మొత్తంగా ఇంట్లోనే కల్పించాలి. తొట్టి ఎత్తుకన్నా వెడల్పు ముఖ్యం. ఒక వైపు పది, పదిహేను సెంటీమీటర్ల లోతు నీరు ఉంచి, మరో వైపు ఇసుకను వాలుగా పోసి, ఎక్కి కూర్చోవడానికి మొద్దులు, రాళ్లు అమర్చాలి. అద్దాన్ని కూడా ఎగబాకే చేప కనుక సందు లేని మూత తప్పనిసరి, లోపలి గాలిలో తేమ నిలిచేదీ ఆ మూత వల్లనే. డిసెంబరు, జనవరి రాత్రుల చలికి నీరు 25 డిగ్రీల కంటే తగ్గకుండా హీటర్ పెట్టి, చేప దాన్ని ఆనుకుని కాలకుండా చుట్టూ జాలీ బిగించాలి.

బోరు నీళ్లు నోటికి ఉప్పగా తగిలినా ఉప్పునీటి కయ్యల నీటికి సాటి రావు. వంట ఉప్పులో సముద్రపు నీటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం తగినంత ఉండవు కాబట్టి, ఆక్వేరియంల కోసం తయారుచేసే సముద్రపు ఉప్పును లీటరుకు 10 నుంచి 15 గ్రాముల చొప్పున కలపడం మేలు. సముద్రంలో అది దాదాపు 35 గ్రాములు. నీరు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే మిగిలిపోతుంది కనుక తగ్గిన మేరకు క్లోరిన్ పోయిన మంచినీరే పోయాలి. ఎండాకాలంలో ఈ ఒక్క విషయం మరిచి మళ్లీ ఉప్పునీరే పోస్తూ పోతే కొద్ది వారాల్లోనే నీటి ఉప్పదనం అదుపు తప్పుతుంది.

కొనేటప్పుడు జాతిని గుర్తించడం అన్నిటికన్నా ముఖ్యం. పెరియోఫ్తాల్మస్ ప్రజాతి చేపలు పురుగులు, వానపాములు, రొయ్య ముక్కలు తిని బాగా బతుకుతాయి. బోలియోఫ్తాల్మస్ ప్రజాతివి తలను అటూ ఇటూ ఊపుతూ బురద పైపొరలోని డయాటమ్‌లనే, అంటే కంటికి ఆనని ఏకకణ నాచులనే, గీకి తింటాయి. ఆ పొర ఇంటి తొట్టిలో చాలినంత పెరగదు కనుక వాటిని కొనకపోవడమే న్యాయం. మగవి వీపు రెక్క నిక్కించి హద్దుల కోసం పోరాడతాయి కాబట్టి చిన్న తొట్టికి ఒక్క మగది చాలు.

ఇవి బురదలో లోతుగా బొరియ తవ్వి, దాని అడుగునున్న గది కప్పుకు గుడ్లు అంటిస్తాయి. అక్కడి నీటిలో ప్రాణవాయువు దాదాపు ఉండదు కనుక మగ చేప నోటి నిండా గాలి పట్టుకెళ్లి ఆ గదిలో వదులుతూ గుడ్లను కాపాడుతుంది. అంత లోతు బురద ఇళ్లలో కుదరక తొట్టిలో సంతానం కలగడం బహు అరుదు. అమ్మకానికి వచ్చేవి చాలా వరకు తీరంలో పట్టినవే.