పెద్ద మ్యాచికి ముందు పాత ఆటగాళ్లకు సలాం

హాకీ ఆటకూ మన దేశానికీ ఉన్న అనుబంధం ఈనాటిది కాదు. భారత హాకీ సమాఖ్య 1925 నవంబరు 7వ తేదీన ఏర్పడింది. సరిగ్గా నూరేళ్లకు, 2025 నవంబరు 7న, ఢిల్లీలోని మేజర్ ధ్యాన్‌చంద్ జాతీయ స్టేడియంలో శతాబ్ది ఉత్సవం చేసినారు. ఆట మానేసి దశాబ్దాలు గడిచిన ఆటగాళ్లను ఆ వేదిక మీదికి పిలిచి సత్కరించినారు. గుర్‌బక్ష్ సింగ్, అజిత్‌పాల్ సింగ్, అశోక్ కుమార్, అస్లం షేర్ ఖాన్, జఫర్ ఇక్బాల్ వంటి మహామహులు అందులో ఉన్నారు.

అదే నెలాఖరున చెన్నైలో, మదురైలో జూనియర్ ప్రపంచ కప్పు మొదలైంది. భారత్, పాకిస్తాన్ జట్లు మొదట ఒకే పూల్‌లో పడ్డాయి. ఆ మ్యాచి కోసం హాకీ అభిమానులు కాచుకొని ఉండగానే, అక్టోబరులో పాకిస్తాన్ జట్టు తప్పుకున్నది. ఆ స్థానంలోకి ఒమాన్ వచ్చింది. పెద్దలకు సన్మానం జరిగింది గాని, అందరూ ఎదురు చూసిన పెద్ద ఆట మాత్రం జరగలేదు.

మన దగ్గర ఏ ఆట ఫైనల్ అయినా సరే, ఆరంభానికి ముందు ఒక పెద్దమనిషిని గ్రౌండు మధ్యకు తీసుకుపోయి, రెండు జట్లనూ వరుసగా నిలబెట్టి పరిచయం చేయించడం ఆనవాయితీ. ఆ పెద్దమనిషి సాధారణంగా ఒక నాయకుడో, చందా ఇచ్చిన షావుకారో అయి ఉంటాడు. ఆ చోటు న్యాయంగా పాత ఆటగాడిది. ముఖ్యంగా రెండు పక్షాల మధ్య పంతం ఉన్న ఆటకు ముందు ఆయన అక్కడ నిలబడటం చాలా అవసరం. ఎందుకో తెలియాలంటే మన హాకీ చరిత్రను కొంచెం తిరగవేయాలి.

ఒకే ఇంట పుట్టిన రెండు జట్లు

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌కు ధ్యాన్‌చంద్ కెప్టెన్‌గా వెళ్లిన జట్టులో జాఫర్, మహమ్మద్ హుస్సేన్, భోపాల్‌కు చెందిన అహ్మద్ షేర్ ఖాన్ వంటివారు ఉన్నారు. అలీ ఇక్తిదార్ షా దారా అనే ఫార్వర్డ్‌ను ఆటలు నడుస్తుండగా తంతి పంపి, విమానంలో రప్పించినారు. ఫైనల్లో జర్మనీ మీద 8-1 గోల్స్ తేడాతో గెలిచి మనవాళ్లు స్వర్ణం తెచ్చినారు.

పన్నెండేళ్లు గడిచేసరికి దేశం రెండయింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో అదే దారా పాకిస్తాన్ జట్టుకు కెప్టెన్. ఆ ఏడాది స్వర్ణం గెలిచిన భారత జట్టులో లతీఫుర్ రహ్మాన్, అఖ్తర్ హుస్సేన్ ఆడినారు. 1956 మెల్‌బోర్న్ నాటికి ఆ ఇద్దరూ పాకిస్తాన్ పక్షాన ఉన్నారు. అక్కడ ఫైనల్ భారత్‌కూ పాకిస్తాన్‌కూ మధ్యనే జరిగింది. రణధీర్ సింగ్ జెంటిల్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో మనం గెలిచినాం. 1928లో మన తొలి స్వర్ణ జట్టులో ఆడిన ఫిరోజ్ ఖాన్ కూడా విభజన తర్వాత అటే వెళ్లి, 2005లో నూరేళ్ల వయసులో కరాచీలో కన్నుమూసినాడు. ఆయన గెలిచిన పతకం మాత్రం ఈనాటికీ భారతదేశం లెక్కలోనే ఉన్నది.

1960 రోమ్‌లో పాకిస్తాన్ 1-0తో గెలిచింది. 1964 టోక్యోలో మనం 1-0తో గెలిచినాం. ఇంత గట్టి పంతం రెండు వేరు వేరు జాతుల నుంచి పుట్టినది కాదు. ఒకే ఉస్తాదుల దగ్గర, ఒకే పల్టన్లలో, ఒకే కాలేజీ గ్రౌండ్లలో కర్ర పట్టడం నేర్చుకున్నవాళ్ల మధ్య పుట్టింది. ఈ సంగతి కుర్రవాళ్లకు చెప్పగలిగినవాడు పాత ఆటగాడే. ఎదుటి జట్టు దుష్మన్ కాదు, ఎదురుగా నిలబడిన సాటి ఆటగాడేనని ఆయన నోటి నుంచి వస్తే ఆ మాటకు విలువ ఉంటుంది.

తావీజు ముద్దాడిన చేయి

1975 మార్చిలో కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్పు జరిగింది. సెమీఫైనల్లో మలేసియా 2-1తో ముందున్నది. ఆట ఆఖరి నిమిషాలకు వచ్చింది. అప్పుడు మైకేల్ కిండో స్థానంలో అస్లం షేర్ ఖాన్ అనే ఇరవై రెండేళ్ల లోపు యువకుడిని దింపినారు. బెర్లిన్‌లో స్వర్ణం గెలిచిన అహ్మద్ షేర్ ఖాన్ కొడుకు అతడు. పెనాల్టీ కార్నర్ దొరికింది. అస్లం మెడలోని తావీజును ముద్దుపెట్టుకొని బంతిని కొట్టినాడు. గోల్! స్కోరు సమం అయింది. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ మూడో గోలు చేసినాడు.

మార్చి 15న ఫైనల్ పాకిస్తాన్‌తోనే. మొదట పాకిస్తాన్ గోలు చేసింది. సుర్జిత్ సింగ్ సమం చేసినాడు. తర్వాత ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ కొట్టిన బంతి గోల్‌పోస్టు లోపలివైపు తగిలి వెనక్కి వచ్చింది. అది గోలు కాదని పాకిస్తాన్ ఆటగాళ్లు వాదించినారు. మలేసియా అంపైర్ విజయనాథన్ గోలేనని తేల్చినాడు. 2-1తో కప్పు మనది అయింది. ఆ తర్వాత పురుషుల హాకీ ప్రపంచ కప్పు మళ్లీ మన చేతికి రాలేదు.

ఒక ముస్లిం కుర్రవాడు తావీజు కట్టుకొని ఆడిన ఆట వల్ల భారత జట్టు పాకిస్తాన్‌తో ఫైనల్‌కు చేరింది. మన పిల్లలు ఈ సంగతి బడి పుస్తకంలో చదవకపోవచ్చు. అలాంటప్పుడు పెద్దలు చెప్పాలి. ఈ దేశపు విజయాల్లో మన వాటా ఎంత అని ఎవరైనా అడిగితే, కోపంతో జవాబు చెప్పే అవసరం లేదు, ఈ కథ చెబితే చాలు.

ఓడినవాడికీ ఒక దండ

గెలిచిన కథలు అందరూ చెబుతారు. ఓడిన కథ కూడా చెప్పుకోవాలి.

1982 డిసెంబరు 1న ఢిల్లీ ఏషియాడ్ ఫైనల్. స్టేడియం కిటకిటలాడుతున్నది. ప్రధాని ఇందిరాగాంధీ ఆట చూడడానికి వచ్చినారు. భారత కెప్టెన్ జఫర్ ఇక్బాల్. మొదటి గోలు మనదే. ఆ తర్వాత పాకిస్తాన్ వరుసగా ఏడు గోల్స్ కొట్టింది. 7-1. మన గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగి మీద దేశమంతా విరుచుకుపడ్డది. డబ్బు తీసుకొని ఆటను అమ్ముకున్నాడన్నారు. ఆయన హిందువు. పేరులోని 'మీర్' చూసి ముస్లిం అనుకొని తిట్టినవారు కూడా ఉన్నారు.

ఈ చివరి మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. ఓటమికి కారణం రక్షణ పంక్తిలో, వ్యూహంలో వెతకకుండా ఒక మనిషి పేరులో వెతికినారు. ఆ పేరు చూసి తప్పుగా ఊహించినా, సరిగ్గా ఊహించినా, ఆ ఊహ అన్యాయమే. 1980లో మాస్కో స్వర్ణం గెలిచిన జట్టులో జఫర్ ఇక్బాల్ ఉన్నాడు. బనారసుకు చెందిన మహమ్మద్ షాహిద్ కూడా ఉన్నాడు. ఇలాంటివారు ఎన్ని ఆటలు గెలిపించినా, ఒక్క ఓటమి రోజున అనుమానం మన ఇంటి తలుపే ముందు తడుతుంది. పాత ఆటగాళ్లను సత్కరించడం అంటే ఆ అనుమానానికి మర్యాదగా చెప్పే జవాబు కూడా.

నేగి కథ అక్కడ ముగియలేదు. 1998 బ్యాంకాక్ ఏషియాడ్‌లో ఆయన భారత జట్టు గోల్‌కీపర్లకు కోచ్. ఆ జట్టు 32 ఏళ్ల తర్వాత ఏషియాడ్ స్వర్ణం తెచ్చింది. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన మహిళల జట్టుతోనూ ఆయన పనిచేసినాడు. 2007లో వచ్చిన 'చక్ దే ఇండియా' సినిమాకు ఆయన నటీనటులకు హాకీ నేర్పినాడు. ఆ సినిమాలో పాకిస్తాన్ మీద ఓడి నింద మోసిన నాయకుడి పేరు కబీర్ ఖాన్.

మన హైదరాబాదు సంగతి

బ్యాంకాక్‌లో స్వర్ణం గెలిచిన ఆ జట్టులో మన హైదరాబాదు బిడ్డ ఎన్. ముఖేష్ కుమార్ ఉన్నాడు. 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా, 2000 సిడ్నీ, మూడు ఒలింపిక్స్ ఆడినాడు. అర్జున అవార్డు, పద్మశ్రీ పొందినాడు. బ్యాంకాక్ నుంచి పతకంతో తిరిగివచ్చిన తర్వాత కెప్టెన్ ధనరాజ్ పిళ్లైతో సహా పలువురు సీనియర్లను జట్టు నుంచి తప్పించినారు. దండలు వేసినంత తొందరగానే మరిచిపోవడం మనకు అలవాటు.

హాకీ మన దేశానికి బ్రిటిషు పల్టన్లతో వచ్చింది. కంటోన్మెంటు ఉన్న ప్రతి ఊళ్లోనూ వేళ్లూనింది. సికింద్రాబాద్, తిరుమలగిరి, బొల్లారం పల్టన్ల ఊళ్లే గనుక మన ప్రాంతానికి ఈ ఆట కొత్తది కాదు. అయితే 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి కృత్రిమ పచ్చిక మీద ఆట మొదలైంది. ఆ పచ్చిక పరవాలంటే ఖర్చు ఎక్కువ. మట్టి గ్రౌండు మీద నేర్చుకున్న బీద పిల్లలకు పెద్ద ఆట దూరమైపోయింది. ప్రపంచ విజేతలైన మనం ఆ మాంట్రియల్‌లోనే ఏడో స్థానానికి పడిపోయినాం.

హైదరాబాదులో గచ్చిబౌలి హాకీ స్టేడియం వచ్చిన తర్వాత మళ్లీ పెద్ద ఆటలు జరిగినాయి. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో పురుషుల హాకీ స్వర్ణం భారత్‌కు, రజతం పాకిస్తాన్‌కు వచ్చినాయి. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ తొలి ఏడాది కప్పును హైదరాబాద్ సుల్తాన్స్ గెలుచుకున్నది. పంతం ఉన్న ఆటను మర్యాదగా చూడటం మన ఊరికి తెలుసునని ఇవి చెబుతున్నాయి.

మన పక్కింటి ఒలింపియన్

హాకీ పక్కనే ఫుట్‌బాల్ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ కథ మన గడప దగ్గరే ఉన్నది. తులసీదాస్ బలరాం 1936లో అమ్ముగూడలో పుట్టినాడు. ఈనాటి మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ప్రాంతమే అది. ఆయనను తీర్చిదిద్దినవారు హైదరాబాదు కోచ్ మర్హూమ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణం, రెండూ రహీం సాహెబ్ జట్టు సాధించినవే, రెండింటిలోనూ బలరాం ఉన్నాడు. ముస్లిం ఉస్తాదు, హిందూ శాగిర్దు, మధ్యన ఒక బంతి. ఇంతకంటే మంచి హైదరాబాదు తహజీబ్ ఎక్కడ దొరుకుతుంది?

జకార్తా స్వర్ణం తెచ్చిన ఏడాది తిరక్కముందే, 1963 జూన్ 11న, రహీం సాహెబ్ క్యాన్సర్‌తో వెళ్లిపోయినారు. ఆయన జీవితం మీద 'మైదాన్' సినిమా వచ్చింది 2024లో. బలరాంకు 1962లో అర్జున వచ్చింది, పద్మ పురస్కారం రాకుండానే 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూసినాడు. అమ్ముగూడ పక్కనుంచి రోజూ పోయేవాళ్లలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

బనారసు షాహిద్ కూడా 56 ఏళ్లకే, 2016 జూలై 20న పోయినాడు. 2025లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆయన పూర్వీకుల ఇంట్లో కొంత భాగం కూలింది. మనిషి పోయిన తర్వాత ఇల్లు నిలవదు, గ్రౌండు నిలవదు. నిలిచేది మనం పిల్లలకు చెప్పిన మాట ఒక్కటే.

చేయవలసిన పని

శామీర్‌పేట మండలం హకీంపేటలో 1993 నుంచి ప్రభుత్వ క్రీడా పాఠశాల నడుస్తున్నది. చిన్న తరగతుల నుంచే పిల్లలు అక్కడే ఉండి చదువుతో పాటు ఆటలు నేర్చుకుంటారు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఖాళీ జాగా కనబడితే సాయంత్రం పూట బ్యాటో బంతో పట్టుకొని పిల్లగాళ్లు చేరుతూనే ఉంటారు. వాళ్లకు కొరత ఆట మీద ఇష్టం కాదు, తమ ముందు ఎవరు ఆడినారో చెప్పేవాళ్లు కొరత.

అందుచేత మన పెద్దలకు, యువకులకు నా మనవి ఇది. మన ప్రాంతంలో ఏ టోర్నమెంటు పెట్టినా, ఫైనల్‌కు ముందు ఒక పాత ఆటగాడిని సగౌరవంగా పిలవండి. రాష్ట్ర జట్టుకు ఆడినా, రైల్వేకు ఆడినా, పల్టన్‌కు ఆడినా, ఊరి జట్టుకు ఆడినా సరే. హిందువా ముస్లిమా క్రైస్తవుడా అని చూడకండి. గెలిచినవాడినే కాదు, ఓడిన జట్టు గోల్‌కీపర్‌ను కూడా పిలవండి. రెండు జట్లనూ ఆయన ముందు నిలబెట్టి చేతులు కలపమనండి. 2025 అక్టోబరులో సుల్తాన్ ఆఫ్ జోహర్ కప్పులో భారత్, పాకిస్తాన్ జూనియర్లు ఆటకు ముందు చేతులు చరుచుకొని పలకరించుకున్నారు. తర్వాత హోరాహోరీగా పోరాడి 3-3తో సమంగా ముగించినారు. కుర్రవాళ్లకు అంత సంస్కారం ఉన్నది. దాన్ని కాపాడటం పెద్దల పని.

శాలువా, దండ తర్వాతి సంగతి. ఆయనకు కుర్చీ వేయండి, చాయ్ ఇవ్వండి, ఒక పది నిమిషాలు మాట్లాడనివ్వండి. ఆ మాటలను ఒకరు రాసిపెట్టండి. మన సావనీరులో ఏటా ఒక పేజీ అందుకు కేటాయిస్తే, పదేళ్లలో మన ప్రాంతపు ఆటల చరిత్ర మన చేతిలోనే ఉంటుంది.

సాటి మనిషి చేసిన మేలు మరిచినవాడు దేవుడి మేలూ మరిచినట్టేనని మన దీన్ నేర్పుతున్నది. మనకు ఆట నేర్పిన చేతులను, అవి చల్లబడక ముందే పట్టుకొని షుక్రియా చెబుదాం.