వార్త వేషంలో ప్రకటన

మోకాళ్ల నొప్పులు ఎందుకొస్తాయో చెబుతారు కదా అని ఏదో వెబ్‌సైటులో చదువుతూ పోతాం. ఎముకల గురించి, వయసు గురించి నాలుగు మంచి మాటలే ఉంటాయి. అయిదో పేరాలో నూనె సీసా బయటపడుతుంది. పైకెళ్లి వెతికితే ఓ మూల బూడిదరంగులో, కనీకనిపించకుండా ‘స్పాన్సర్డ్’. ఒళ్లు మండుతుంది.

ఈ ఎత్తు ఇంటర్నెట్ కనిపెట్టింది కాదు. 19వ శతాబ్దపు అమెరికా పత్రికల్లో వీటిని ‘రీడింగ్ నోటీసులు’ అనేవారు. అచ్చంగా వార్తలాంటి శీర్షిక, ఎవరికో ప్రాణం మీదికొచ్చిన కథ, చివర్లో ఆ ప్రాణం నిలబెట్టిన టానిక్ పేరు. ప్రకటన అని తెలిసేలా వేసేవాటి కన్నా వీటికి రేటు ఎక్కువ. ఆ పై డబ్బు పాఠకుడి నమ్మకానికి కట్టిన ఖరీదన్నమాట.

వీటికి పగ్గం వేసింది తపాలా చట్టం. పత్రికలు సెకండ్ క్లాస్ టపాలో కారుచవకగా ఊరూరా చేరేవి. ప్రభుత్వం ఆ రాయితీనే పట్టుకుంది. డబ్బు పుచ్చుకుని వేసిన ప్రతి రాతకూ ‘అడ్వర్టైజ్‌మెంట్’ అని స్పష్టంగా గుర్తు వేయాలని, లేకుంటే ఎడిటరో ప్రచురణకర్తో 50 నుంచి 500 డాలర్ల జరిమానా కట్టాలని 1912లో చట్టం తెచ్చింది. పత్రికా స్వేచ్ఛ మంటగలిసిందంటూ ప్రచురణకర్తలు సుప్రీంకోర్టుకెక్కి, 1913లో ఓడిపోయారు. (పాఠకుడికి చెప్పకుండా అమ్ముకోవడమూ స్వేచ్ఛేనని వాదించడానికి గుండె ధైర్యం కావాలి.)

వెబ్‌లో మొదట్లో యాడ్ యాడ్‌లాగే ఉండేది. 1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ సైటులో టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ బ్యానర్ యాడ్ వెలిసింది. నాలుగేళ్లకే రైస్ యూనివర్సిటీ పరిశోధకులు, జనం తాము వెతికే సమాచారం బ్యానర్లోనే ఉన్నా చూడకుండా దాటేస్తున్నారని గమనించి, దానికి ‘బ్యానర్ బ్లైండ్‌నెస్’ అని పేరు పెట్టారు. కన్ను తప్పించుకోవడం నేర్చాక యాడ్ మళ్లీ పాత వేషమే కట్టింది. 2013 జనవరిలో అట్లాంటిక్ పత్రిక సైటు సైంటాలజీ అనే వివాదాస్పద మతసంస్థను పొగిడే స్పాన్సర్డ్ వ్యాసం పెట్టి, పాఠకులు దుమ్మెత్తిపోయడంతో గంటల్లోనే తీసేసింది, క్షమాపణా చెప్పింది. ఆ వ్యాసం మీద లేబుల్ లేక కాదు, ఉంది. 2020 జనవరిలో గూగుల్ తన యాడ్‌లను మామూలు ఫలితాల్లో కలిసిపోయేలా మార్చి, విమర్శలు రాగానే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది.

మన దగ్గర వేషం ఇంకా ముదిరింది, అమ్ముడుపోయింది ఎన్నికల వార్తే. 2009 ఎన్నికల పెయిడ్ న్యూస్‌పై ప్రెస్ కౌన్సిల్ కోసం పరంజయ్ గుహ ఠాకుర్తాతో కలిసి నివేదిక రాసినవారు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి. పేర్లతో సహా రాసిన ఆ నివేదికను కౌన్సిల్ పక్కన పెట్టి, కుదించిన రూపమే ఆమోదించింది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే గానీ పూర్తి పాఠం అధికారికంగా బయటికి రాలేదు.

2023 నవంబరులో కేంద్రం డార్క్ ప్యాటర్న్‌ల పేరిట నిషేధించిన, ఆన్‌లైన్‌లో కొనుగోలుదారును బోల్తా కొట్టించే 13 రకాల మాయల్లో మారువేషపు ప్రకటన కూడా ఉంది. అయితే అమెరికా చట్టం 1912లోనే పట్టుకున్నది అచ్చు వేసినవాణ్ణి. ఇక్కడ, అమ్మకందారు సైటులో తానే పెట్టిన కంటెంట్ మీద ‘ఇది ప్రకటన’ అని రాయాల్సింది అమ్మకందారేనట.